యావూరప్పా, ఎవురోళ్ళ పిల్లోడివి?

మండికల్‌లో బస్సు దిగి రచ్చకట్ట దాటేలోపల ఈ ప్రశ్న తప్పదు. భుజాన లాప్‌టాప్ సంచి, మెడలో తీయడం మరిచిపోయిన ఆఫీసు కార్డు, ఇవేవీ ఆ తాతకు లెక్కలేదు. "యావూరప్పా? ఎవురోళ్ళ పిల్లోడివి?" పక్క పల్లె పేరు చెప్తాను, మా వీధి చెప్తాను, మా నాయన పేరు చెప్తాను. అయినా వదలడు. బీడీ ఆర్పి, అవతల కూర్చున్నాయన వైపు తిరిగి, "ఏమప్పా, వాళ్ళింట్లో బెంగళూరికి పోయిన పిల్లోడు ఒకడుండాడా?" అని అడుగుతాడు. ఆయన తలూపినాకే నాకు కట్టమీద చోటు.

పదిహేనేళ్ళ పైనుంచి కంపెనీల్లో లాగిన్ పేజీలు రాస్తున్నాను. ఆ తాత చేసినదానికన్నా ఎక్కువ నేనేమీ చేయలేదు. ఆయన రెండు పనులు చేశాడు. ఊరు, వీధి, తండ్రి అనే వరసలో నన్నొక చెట్టుకొమ్మ మీద కూర్చోబెట్టాడు. తరవాత నా మాటను నా మాటగానే ఉంచి, తెలిసినవాణ్ణి అడిగాడు. నా గురించి తన దగ్గర దాచిపెట్టుకున్నది ఏమీ లేదు.

మీరు బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలో ఏదో ఒక రోజు మేనేజరు మీ కుర్చీ వెనక నిలబడి అంటాడు: "ఈ అప్లికేషన్‌కు మన ఎల్‌డ్యాప్ లాగిన్ కలిపెయ్, సాయంత్రానికి అయిపోతుంది కదా?" సాయంత్రానికి అయిపోతుంది కూడా. సరిగ్గా కావడానికి ఇంకో వారం పడుతుంది. ఆ వారం కోసమే ఈ అధ్యాయం.

ఆత్మవిశ్వాసం గురించి, మాట తీరు గురించి చెప్పే పుస్తకంలో డైరెక్టరీ సర్వర్ గొడవేమిటని మీకు అనిపించవచ్చు. పేరేసంద్ర క్రాస్‌లో తెల్లవారుజామున బస్సెక్కి హెబ్బాళలో దిగే మన పిల్లలకు ఆత్మవిశ్వాసం కొరత నేను చూడలేదు. "నాకు తెలియదు, అడిగి చెప్తాను" అనడానికి మాత్రం నోరు రాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. మూడో భాషలో తెలియదని ఒప్పుకోవడం నామోషీ. ప్రోగ్రాం కూడా రాసినవాడి గుణమే పట్టుకుంటుంది. అడగడం నామోషీ అనుకునేవాడు రాసిన ప్రోగ్రాం, అన్నీ తన దగ్గరే దాచుకుని అన్నీ తనకే తెలిసినట్టు నడుచుకుంటుంది.

నా సంగతే చెప్తాను. మొదటి ఉద్యోగం. సెలవు చీటీల కోసం చిన్న వెబ్ అప్లికేషన్ రాయమన్నారు. నేను మొట్టమొదట చేసిన పని, డేటాబేసులో యూజర్ల టేబుల్ ఒకటి తెరిచి అందులో పాస్‌వర్డ్ కాలమ్ పెట్టడం. అందరికీ కొత్త పాస్‌వర్డ్‌లు పంచిపెట్టాను. ఇప్పటికే మెయిలుకొకటి, కంప్యూటరుకొకటి మోస్తున్నవాళ్ళు, మూడోదాన్ని చీటీ రాసి మానిటర్‌కు అంటించారు. అంతటితో పోయుంటే బాగుండేది. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళు నా టేబుల్‌లో ఇంకా ఉద్యోగులే. అలా వెళ్ళిపోయినాయన ఒకరు ఎప్పుడో లాగిన్ అయి తన పాత సెలవులన్నీ తీరిగ్గా చూసుకున్నాడని తెలిసినప్పుడు మా సీనియరక్క నన్ను పిలిచింది. ఆమెది చింతామణి వైపు. "మీ ఊరి పాలడైరీలో మెంబర్ల పుస్తకాలు ఎన్నుంటాయి?" అంది. ఒకటే అన్నాను. "నువ్వు మీ ఇంట్లో ఇంకోటి రాసిపెట్టుకుంటే దాన్ని చూసి ఎవరైనా పాల డబ్బులు ఇస్తారా?" 

కంపెనీలో ఆ ఒక్క పుస్తకం పేరు డైరెక్టరీ సర్వర్. ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎవరు ఏ విభాగం, ఎవరి పాస్‌వర్డ్ ఏమిటి అన్నది దానికే తెలుసు. దాన్ని అడిగే భాష ఎల్‌డ్యాప్. దీనికి ముందు ఎక్స్.500 అని 1988లో వచ్చిన పెద్ద ప్రమాణం ఒకటుంది. దాన్ని నడపాలంటే ఓఎస్ఐ అనే బరువైన నెట్‌వర్క్ సరంజామా కావాలి. ఆనాటి చిన్న కంప్యూటర్లు మోయలేకపోయాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హౌస్, ఆయనతో పనిచేసినవాళ్ళు, మామూలు టీసీపీ/ఐపీ మీద నడిచే తేలికైన దారి వేశారు. 1993లో అది ఆర్‌ఎఫ్‌సీ 1487 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది. పేరు మొదట్లో ఉన్న 'ఎల్' ఆ తేలికదనానికి గుర్తు. మూడో వెర్షన్ 1997లో వచ్చింది, 2006లో దాన్నే శుభ్రంగా తిరగరాశారు, ఈరోజుకీ నడుస్తున్నది అదే. విండోస్ 2000తో పుట్టిన యాక్టివ్ డైరెక్టరీకి ఈ భాష వచ్చు. ఉచితంగా దొరికే ఓపెన్‌ఎల్‌డ్యాప్‌కూ ఇదే భాష.

డైరెక్టరీలో ప్రతి మనిషికీ ఒక పూర్తి చిరునామా ఉంటుంది, డీఎన్ అంటారు. యూఐడీ (లాగిన్ పేరు) ఫలానా, ఓయూ (విభాగం) అకౌంట్స్, డీసీ కంపెనీ పేరు, డీసీ కామ్. మనిషి దగ్గర మొదలై చెట్టు వేరు దాకా పోతుంది. తెలుగువాళ్ళ పేర్లు దీనికి తలకిందులు, ఇంటిపేరు ముందు, మనిషి వెనక. మన చిక్కబళ్ళాపురం పక్క ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి పేరు ముందు మోక్షగుండం ఉంది చూడండి. అది ఆంధ్రలోని ఊరు. వాళ్ళ పూర్వీకులు అక్కడినుంచి ఇటు వచ్చారు. ఊరు మారింది, రాజ్యం మారింది, పేరులో ఊరు మారలేదు. డైరెక్టరీకి అంత మమకారం లేదు. అకౌంట్స్‌లో ఉన్న మనిషిని స్టోర్స్‌కు మార్చగానే, చెట్టులో కొమ్మ మారి, డీఎన్ మారిపోతుంది. ఆ డీఎన్‌నే శాశ్వతమనుకుని మీ డేటాబేసులో రాసుకున్నారంటే, బదిలీ అయిన మర్నాడు ఆ మనిషి మీ ప్రోగ్రాంకు పరాయివాడు. అతని పాత సెలవులు ఎవరివో తెలియక దిక్కులేకుండా పడుంటాయి. మారని గుర్తు వేరే ఉంది. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో ఎంట్రీ యూయూఐడీ అంటారు, యాక్టివ్ డైరెక్టరీలో ఆబ్జెక్ట్ జీయూఐడీ అంటారు. రాసుకోవాలంటే దాన్ని రాసుకోండి.

లాగిన్ పేజీలో పేరు కొట్టే మనిషికి తన డీఎన్ తెలియదు, తెలియనక్కరలేదు. కాబట్టి ముందు వెతకాలి. అందుకు మీ ప్రోగ్రాంకు సొంతంగా ఒక చిన్న ఖాతా కావాలి, చదవడం తప్ప ఇంకేమీ చేయలేనిది. దాన్ని సర్వీస్ ఖాతా అంటారు. ఆ ఖాతాతో లోపలికి పోయి, ఈ యూఐడీ ఉన్న మనిషి ఎవరని అడగాలి. పూర్తిపేరు మీద వెతకొద్దు. మా వైపు సంతలో మునివెంకటప్పా అని గట్టిగా పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. వెతికినాక ఎందరు దొరికారో లెక్కపెట్టండి. ఎవరూ దొరక్కపోతే లాగిన్ లేదు. ఇద్దరు దొరికినా లాగిన్ లేదు. దొరికినవాళ్ళలో మొదటివాణ్ణి పట్టుకుని ముందుకు పోయే కోడ్‌ను నేను చాలాచోట్ల చూశాను. రాసినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, రెండోవాడు ఉంటాడని తోచలేదు, అంతే.

ఒక్కడే దొరికితే అప్పుడు అసలు పని. అతని డీఎన్, అతను కొట్టిన పాస్‌వర్డ్ రెండూ పట్టుకుని కొత్త కనెక్షన్ తెరిచి బైండ్ అడగండి. "ఈ మనిషి ఈ మాట చెప్తున్నాడు, నిజమేనా?" అని సర్వర్‌ను అడగడమే బైండ్. నిజమైతే 0 వస్తుంది, కాకపోతే 49. రేషన్ అంగడిలో వేలు పెట్టినప్పుడు నడిచేదీ ఇదే తంతు. అంగడి యంత్రం దగ్గర మీ వేలిముద్ర ఉండదు, ఆధార్ సర్వర్‌కు పంపి అవునా కాదా అని అడుగుతుంది, జవాబు ఆ ఒక్క మాటే.

కొందరు తెలివైనవాళ్ళకు ఈ ఒక్క మాట చాలదు. అడ్మిన్‌ను బతిమాలి, పాస్‌వర్డ్ హ్యాష్ చదివే అనుమతి తెచ్చుకుని, తామే పోల్చి చూస్తారు. అడిగితే "ఒక కనెక్షన్ మిగులుతుంది కదన్నా" అంటారు. తప్పు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టడం, హద్దు దాటితే ఖాతాకు తాళం వేయడం, గడువు తీరిన పాస్‌వర్డ్‌ను తిప్పి పంపడం, ఇవన్నీ బైండ్ దారిలో కూర్చున్న కాపలావాళ్ళు. హ్యాష్ పట్టుకుని మీరే పోల్చారంటే వీధి వాకిట్లో కాపలా పెట్టి దిడ్డి తలుపు తీసిపెట్టినట్టు. పైగా కంపెనీలో అందరి హ్యాష్‌లూ ఇప్పుడు మీ ప్రోగ్రాం కళ్ళముందున్నాయి. అది ఏ దొంగ చేతిలో పడినా మీ పేరే వస్తుంది.

కొత్త కనెక్షన్ అని ఎందుకన్నానంటే, బైండ్ అయిన మరుక్షణం ఆ కనెక్షన్ ఆ మనిషిదైపోతుంది. అదే కనెక్షన్ మీద తరవాతి మనిషిని వెతకబోతే, వెతికేది మీ సర్వీస్ ఖాతా కాదు, ముందు వచ్చినాయన. ఆయనకు చూసే హక్కు లేని చోట వెతుకులాట ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. పొద్దున బాగా నడిచి, పదిమంది లాగిన్ అయ్యాక మొండికేసే పేజీని ఎవరైనా చూపిస్తే నేను ముందు చూసేది ఇక్కడే.

ఇవన్నీ అక్క దగ్గర నేర్చుకుని, తిరగరాసి, ఆమె సరే అన్నాక పేజీ పెట్టాం. మూడోరోజు అకౌంట్స్‌లో పనిచేసే ఒకామె టీ దగ్గర కనిపించింది. "నీ కొత్త పేజీ బాగుందప్పా, పాస్‌వర్డ్ కూడా అడగదు" అంది. పరాచికం అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు, నిజంగానే మెచ్చుకుంటోంది. టీ గ్లాసు అక్కడే పెట్టి ఆమె కుర్చీ దగ్గరికి పోయాను. పేరు కొట్టింది, పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కింది, లోపలికి పోయింది. నా పేరు కొట్టి నొక్కమన్నాను. నా సెలవులన్నీ తెర మీద. మేనేజరు పేరు నేనే కొట్టాను. తెర తెరుచుకుంది. ఆమె ఇంకా మెచ్చుకుంటూనే ఉంది.

ఆ రాత్రి చివరి బస్సు పోగొట్టుకుని ప్రమాణం చదివాను. అందులో, ఆర్‌ఎఫ్‌సీ 4513లో, ఈ సంగతికి వేరే ఒక విభాగమే ఉంది. డీఎన్ ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా ఇస్తే, "నేనెవరో రుజువు చేసుకోను, అనామకుడిగానే ఉండనివ్వు" అని అడిగినట్టు లెక్క. ఒప్పుకునే సర్వర్ సరే అని 0 పంపుతుంది. దాని లెక్కలో అబద్ధం ఏమీ లేదు. గుమ్మం బయట నిలబడ్డ దారినపోయేవాడికి దండం పెట్టింది, అంతే. నా ప్రోగ్రాం ఆ దండాన్ని ఇంట్లోకి రమ్మనే పిలుపనుకుంది. సర్వర్లు మామూలుగా దీన్ని 53 అనే కోడ్‌తో తోసిపుచ్చాలనీ, ప్రోగ్రాములు ఖాళీ పాస్‌వర్డ్‌ను తామే ఆపాలనీ అదే పత్రంలో రాసుంది. నేను చదవలేదు. ఓపెన్‌ఎల్‌డ్యాప్ ఆ మాట వింటుంది, యాక్టివ్ డైరెక్టరీ మాత్రం చాలా ఏళ్ళు ఆ తలుపు తెరిచే పెట్టింది.

దీనికి మందు ఒక్క వరస: పాస్‌వర్డ్ ఖాళీ అయితే సర్వర్ దాకా పోనివ్వకు. ఆ వరసను పేజీలోని జావాస్క్రిప్టులో పెట్టి చేతులు దులుపుకోవద్దు. బ్రౌజరు లేకుండా కూడా మీ ప్రోగ్రాం తలుపు తట్టవచ్చు. బైండ్‌కు సరిగ్గా ముందు వరసలో పెట్టండి. ఇంకో మెలిక కూడా ఉంది. నల్ అనే కంటికి కనబడని అక్షరంతో మొదలైన పాస్‌వర్డ్‌ను కొన్ని పాత లైబ్రరీలు అక్కడే తుంచి, ఖాళీగా మార్చి పంపేవి. మీ ప్రోగ్రాం చూసినప్పుడు ఖాళీ కాదు, సర్వర్‌కు చేరేసరికి ఖాళీ. దాన్నీ ఆపండి. అలాగని పాస్‌వర్డ్ చివర ఉన్న స్పేసులను కత్తిరించకండి, అవి ఆ మనిషి కోరి పెట్టుకున్నవి కావచ్చు.

నాకు ఎక్కువ సిగ్గనిపించింది ఇంకొకటి. నేను ఆ పేజీని వందసార్లు పరీక్షించాను. సరైన పాస్‌వర్డ్‌తో ఏభైసార్లు, తప్పు పాస్‌వర్డ్‌తో ఏభైసార్లు. ఏమీ కొట్టకుండా ఒక్కసారీ నొక్కలేదు. టీ దగ్గర ఆమె అంత అమాయకంగా మెచ్చుకోకపోతే ఎన్నాళ్ళుండేదో.

పాస్‌వర్డ్ గడి సంగతి అయింది; పేరు గడి కూడా తక్కువది కాదు. ఎవరైనా పేరు బదులు ఒక నక్షత్రం గుర్తు కొడితే? ఎల్‌డ్యాప్ వెతుకులాటలో నక్షత్రానికి 'ఎవరైనా సరే' అని అర్థం. కుండలీకరణాలు కొడితే మీ ఫిల్టర్, అంటే వెతికే షరతు, మధ్యలోనే మూసుకుని, అతను రాసిన కొత్త షరతు తెరుచుకుంటుంది. అందుకని ఆ అక్షరాలను విడదీసి, మామూలు అక్షరాలుగా మార్చి పంపాలి: * ను \2ఏ గా, ( ను \28 గా, ) ను \29 గా, వెనకగీతను \5సీ గా, నల్‌ను \00 గా. ఇది ఆర్‌ఎఫ్‌సీ 4515 పెట్టిన కట్టుబాటు. మీరే రాయకండి, పైథాన్, జావా, పీహెచ్‌పీ లైబ్రరీల్లో దీనికి ఫంక్షన్ సిద్ధంగా ఉంది. 2021 డిసెంబరులో లాగ్4షెల్ అని ప్రపంచమంతా నిద్రలేకుండా చేసిన గొడవ గుర్తుందా? అప్పుడు ఎల్‌డ్యాప్ పేరు వార్తల్లో మోగింది గానీ, తప్పు దానిది కాదు. లాగ్ రాసే జావా లైబ్రరీ ఒకటి, బయటివాడు కొట్టిన అక్షరాలను ఆజ్ఞగా పట్టించుకుని, వాడు చెప్పిన ఎల్‌డ్యాప్ చిరునామాకు పరుగెత్తి పోయింది. బయటినుంచి వచ్చిన మాటను మాటగానే రాసుకోవాల్సిన చోట అది ఆ మాట చెప్పినట్టు ఆడింది.

ఇక దారి. మామూలు బైండ్ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు పంపుతుంది. 389 పోర్టు మీద ఏ కప్పూ లేకుండా పంపితే, సంతలో నిలబడి చెవిటివాడికి గుట్టు చెప్పినట్టే. స్టార్ట్‌టీఎల్ఎస్ అడిగి ఆ దారినే కప్పుకోవచ్చు, లేదా మొదటినుంచీ కప్పు ఉన్న 636కు పోవచ్చు. ఇంతవరకు అందరూ చేస్తారు. తరవాత సర్టిఫికెట్ నమ్మదగ్గది కాదని ఒక ఎర్రర్ వస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా, తనిఖీ ఆపెయ్యమని. ఒక్క వరస మారిస్తే ఎర్రర్ పోతుంది, సాయంత్రానికి పని అయిపోతుంది, మేనేజరు సంతోషం. కానీ ఆ తనిఖీ దేనికంటే, అవతల ఉన్నది మీ కంపెనీ సర్వరేనా అని చూడటానికి. దాన్ని ఆపితే, తలుపు గట్టిగా మూసి, చీకట్లో ఎదురుగా ఉన్నది ఎవరో చూడకుండా తాళంచెవి చేతిలో పెట్టినట్టవుతుంది. ఎర్రర్ పోవాల్సిన దారి వేరే ఉంది. అడ్మిన్ దగ్గరికి పోయి, "సార్, మన సీఏ సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడగాలి.

చాలామంది ఆ తలుపు తట్టరు. అడ్మిన్ విసుక్కుంటాడేమో, చిన్నచూపు చూస్తాడేమో అని. నిజానికి కోడ్ ఒక్క వరస రాయకముందే ఆయన దగ్గరికి పోవాలి. చెట్టులో ఏ కొమ్మ కింద వెతకాలి, జనం పేరు గడిలో కొట్టేది యూఐడీయా మెయిలా, సర్వీస్ ఖాతా ఎవరిస్తారు, ఒక సర్వర్ పడిపోతే రెండోది ఏది, గుంపులు (గ్రూపులు) ఎలా కట్టారు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని పోయినవాణ్ణి ఏ అడ్మినూ చిన్నచూపు చూడగా నేను చూడలేదు. కాగితం లేకుండా, "ఎల్‌డ్యాప్ పనిచేయడంలేదు సార్" అని పోయినవాళ్ళ మీదే వాళ్ళకు విసుగు. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఇక్కడ సింగిల్ సైన్ ఆన్ ఉందా? ఉంటే మీ ప్రోగ్రాం పాస్‌వర్డ్‌ను కళ్ళతో కూడా చూడదు, వేరే పేజీ చూసి చీటీ రాసి పంపుతుంది. అది ఉన్న చోట, నేను ఇంతసేపు చెప్పిన బైండ్ పక్కన పెట్టి దాన్నే వాడండి.

లోపలికి రానివ్వడం ఒకటి, లోపల ఏం చేయనివ్వాలి అన్నది ఇంకొకటి. మన సిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్‌లోకి రైతు గూళ్ళు తెస్తాడు, రీలరు కొనడానికి వస్తాడు. ఇద్దరూ ఎవరో తెలిసినవాళ్ళే. కానీ వేలంలో ధర పాడాలంటే రీలరు లైసెన్సు ఉండాలి. బైండ్ చెప్పేది ఈయన ఎవరో మాత్రమే. లైసెన్సు సంగతి గుంపులో వెతికి తెలుసుకోవాలి. చాలా ప్రోగ్రాములు 0 రాగానే ద్వారాలన్నీ తీసేస్తాయి. కంపెనీలో పాస్‌వర్డ్ ఉన్న ప్రతివాడూ జీతాల పేజీ చూసే దుస్థితి అలా వస్తుంది. గుంపులో గుంపు ఉంటుందని కూడా గుర్తుంచుకోండి, పైపైన చూస్తే లోపలి గుంపువాళ్ళు కనబడరు.

పని ఎవరు చేశారో రాసిపెట్టడం గురించి నాకు ఎవరూ ఆఫీసులో నేర్పలేదు. మండికల్ హోబళి నాడకచేరిలో నేర్చుకున్నాను. 2000 దశకం మొదట్లో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పేరుతో సుమారు 2 కోట్ల పహణీలను, అంటే భూమి రికార్డులను, కంప్యూటర్లకు ఎక్కించింది. అప్పటికి మనది కోలారు జిల్లా. చిక్కబళ్ళాపురం 2007లో విడిపడింది. మా పెద్దవాళ్ళకు గుర్తున్నది 15 రూపాయలకు పహణీ చేతికి రావడం. నాకు నచ్చింది వేరు. ఆ పథకంలో రికార్డు మార్చే ఉద్యోగి వేలిముద్ర పెట్టి లోపలికి పోవాలని పెట్టారు. అంతకుముందు శానుభోగుల పుస్తకంలో, వాళ్ళ తరవాత గ్రామలెక్కిగుల పుస్తకంలో, ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసి ఉంటే, అది ఎవరి చెయ్యో తేల్చడానికి కోర్టులు చాలేవి కావు. పాస్‌వర్డ్ అయితే "నాది ఎవరో వాడారు సార్" అని తప్పించుకోవచ్చు. వేలు అలా అనలేదు.

మీ ప్రోగ్రాంలో ఇది ఇలా తగులుతుంది. లాగిన్ అయ్యాక ప్రతి పనీ ఆ సర్వీస్ ఖాతా పేరు మీదే నడిపారనుకోండి. రేపు ఎవరి సెలవో ఎవరో రద్దు చేశారని గొడవ వస్తే, లాగ్ తెరిచినవాడికి పై నుంచి కింద దాకా ఒకటే పేరు. మనిషి గుర్తు, సమయం, చేసిన పని రాయండి. పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడా రాయకండి. ఎర్రర్ వెతుకుతున్నప్పుడు ఒక్క నిమిషం రాసి తీసేద్దామనుకుంటారు, తీసేయడం మరిచిపోతారు. అలా మరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

49 వచ్చినప్పుడు తెర మీద ఏం చూపాలి? పేరు లేదనీ, పాస్‌వర్డ్ తప్పనీ విడదీసి చెప్పొద్దు. కంపెనీలో ఎవరున్నారో ఒక్కో పేరూ కొట్టి తెలుసుకునే పని దొంగకు మీరు తేలిక చేసినట్టు. "పేరు గానీ పాస్‌వర్డ్ గానీ సరిపోలేదు" చాలు. లాగ్‌లో మాత్రం నిజం ఉండాలి. యాక్టివ్ డైరెక్టరీ 49 వెనకే ఇంకో చిన్న కోడ్ పెడుతుంది: 525 అంటే అలాంటి మనిషి లేడు, 52ఈ అంటే పాస్‌వర్డ్ తప్పు, 532 అంటే పాస్‌వర్డ్ గడువు తీరింది, 533 అంటే ఖాతా ఆపేశారు, 775 అంటే తాళం పడింది. హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్న పిల్లకు ఈ కోడ్‌లు ఒక కాగితం మీద రాసివ్వండి, మీకు వచ్చే ఫోన్లు సగానికి తగ్గుతాయి.

ఇదంతా చదివితే రాదు. ఈ ఆదివారం మీ లాప్‌టాప్‌లో ఓపెన్‌ఎల్‌డ్యాప్ పెట్టుకోండి, డబ్బేమీ అక్కరలేదు. వేరు దగ్గర మీ ఊరి పేరు పెట్టండి. కింద వీధులు కొమ్మలు, వీధుల్లో ఊహించుకున్న ఇరవైమంది మనుషులు. అందులో ఒకే పూర్తిపేరుతో ఇద్దరిని తప్పక పెట్టండి. పాల డైరీ మెంబర్లని ఒక గుంపు కట్టండి. తరవాత మీకు వచ్చిన ఏ భాషలోనైనా వెతకడం, బైండ్ చేయడం రాయండి. మొదట సరైన పాస్‌వర్డ్. తరవాత తప్పుది. తరవాత ఖాళీ. తరవాత పేరు గడిలో నక్షత్రం. ఒక మనిషిని ఈ వీధి నుంచి ఆ వీధికి మార్చి, అతని పాత లెక్కలు మీ డేటాబేసులో ఇంకా అతనివేనా చూడండి. ఇద్దరు ఒకరి వెనక ఒకరు లాగిన్ అయ్యాక మూడోవాణ్ణి వెతకండి. అన్నీ అయ్యాక, సర్వర్‌ను ఆపేసి లాగిన్ నొక్కండి. కనెక్షన్‌కు గడువు పెట్టకపోతే పేజీ అలాగే తిరుగుతూ ఉంటుంది. గడువు పెట్టి, ఎర్రర్ పట్టుకునే చోట ఏమరుపాటున సరే అని రాసుంటే, సర్వర్ లేని ఊళ్ళోకి అందరూ దర్జాగా వచ్చేస్తారు.